తీర్పరి – సంధాత : వాణిజ్య వివాదములలో న్యాయవాది నిర్వహించు రెండు ధర్మములు

వర్తకమున్నచోట వివాదముండును. సరకు గడువు దాటి చేరుట, నాణ్యము తగ్గినదని కొన్నవాడు పైకము నిలుపుట, భాగస్వాములు లెక్కలు తేల్చుకొనలేకపోవుట, కట్టడపు పని నడుమ ఆగిపోవుట – ఇవి ప్రతి కాలమునను, ప్రతి నగరమునను ఉన్నవే. వివాదము పుట్టుట వింత కాదు. దానిని ఎవరు తీర్తురు, ఏ పద్ధతిని తీర్తురు, తీరిన పిమ్మట ఉభయుల నడుమ ఏమి మిగులును అనునవియే ముఖ్యమైన ప్రశ్నలు.

బెంగుళూరున బట్టల వర్తకము మొదలుకొని కట్టడపు పనులు, యంత్రపరిశ్రమలు, సాఫ్టువేరు సంస్థల వరకు తెలుగువారు అనేక రంగములలో స్థిరపడియున్నారు. వారు సంతకము చేయు ఒప్పందపత్రముల చివరి పుటలలో, వివాదము కలిగినచో దానిని మధ్యవర్తికి అప్పగింపవలెనను నియమమొకటి తరచుగా కనబడును. ధర, గడువు, వడ్డీ మున్నగువానిని పదిసారులు చదివినవారు సైతము ఈ నియమమును ఒక్కసారియు చదువక సంతకము చేయుట కలదు. ఆ నియమము పిలుచు మనుష్యుడెవరు? అతడు అనుభవజ్ఞుడైన న్యాయవాది యైనచో, కోర్టులో అతడు చేయు పనికిని ఇచట చేయు పనికిని భేదమేమి? అతనికి గల అధికారమెంత? ఈ విషయములను వివరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఒక మాట, రెండు పనులు

తగవు అను తెలుగు మాటకు నేటి వాడుకలో జగడమని అర్థము. పూర్వము దానికి న్యాయము, ఔచిత్యము అను అర్థములును ఉండెను. తగినది ఏదో అది తగవు. దానిని ఎరిగి చెప్పువాడు తగవరి. రాజీనామా అను మాట మరియొక విధముగ మారినది. పాత కచేరీ పత్రములలో అది ఉభయపక్షములవారును సమ్మతించి వ్రాసికొన్న పరిష్కారపత్రము. నేడది ఉద్యోగమునో పదవినో విడుచువాడు వ్రాయు పత్రము. వ్యవహారమునకు చెందిన మాటలు ఇట్లు కాలక్రమమున అర్థము మార్చుకొనుట సహజమే. కాని మాట ఒకటియై అది తెలుపు పనులు రెండైనచో, నష్టము వ్యవహర్తకు కలుగును.

మధ్యవర్తి అను మాటకు నేడు పట్టిన గతి అదియే. ఇంగ్లీషున ఆర్బిట్రేటరు, మీడియేటరు అని వేరువేరుగా పిలువబడు ఇద్దరిని తెలుగున మధ్యవర్తి అను ఒక్క మాటతోనే పేర్కొనుట పరిపాటియైనది. వారి పనులు ఒకటి కావు. మొదటివాడు ఉభయుల వాదములను, సాక్ష్యములను విని తీర్పు చెప్పును. ఆ తీర్పు ఇష్టమున్నను లేకున్నను ఉభయులను బంధించును. రెండవవాడు తీర్పు చెప్పడు. ఉభయులు తమంతట తాము ఒక పరిష్కారమునకు వచ్చుటకు తోడ్పడును. వారు ఒప్పుకొననిచో అతడు బలవంతముగ చేయగలిగినదేదియు లేదు. 'మధ్యవర్తి వద్దకు పోవుదము' అని ఒక వర్తకుడన్నప్పుడు రెండవవాడు ఈ రెండింటిలో దేనిని తలచుకొని తల యూపెనో తెలియకున్న, అచటనే మరియొక వివాదమునకు బీజము పడును. కావున ఈ వ్యాసమున ఆర్బిట్రేటరును తీర్పరి యనియు, మీడియేటరును సంధాత యనియు వ్యవహరించుట జరిగినది. తీర్పు చెప్పువాడు తీర్పరి. సంధి కూర్చువాడు సంధాత.

పూర్వరంగము

ఈ పద్ధతులు పరదేశమునుండి దిగిన వింతలు కావు. యాజ్ఞవల్క్యస్మృతి రాజు నియమించిన సభకు తోడుగా పూగము, శ్రేణి, కులము అను మూడు విధములైన సమూహములకు వ్యవహారనిర్ణయమున స్థానమిచ్చినది. ఒకేచోట నివసించు పలువృత్తులవారి సమూహము పూగము. ఒకే వృత్తితో జీవించువారి సంఘము శ్రేణి. బంధువుల సమూహము కులము. వర్తకుల వివాదమును వర్తకమెరిగినవారే విచారించుట ఈ ఏర్పాటులోని కీలకము. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు నేటి కర్ణాటకమునందలి కల్యాణమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున వెలసెను. మితాక్షరను అనుసరించి 13వ శతాబ్దమున కేతన తెలుగున విజ్ఞానేశ్వరీయమును రచించెను. కన్నడసీమలో రూపొందిన వ్యవహారధర్మము తెలుగు పద్యముగ వెలువడుట ఉభయభాషలవారును స్మరింపదగిన విషయము.

ఇంగ్లీషువారి పాలనలో 1816లో మద్రాసు రాజధానియందు చేయబడిన నిబంధనలు పంచాయతీలకు సివిలు వివాదములను అప్పగించు మార్గమును ఏర్పరచినవి. 1899లో ఆర్బిట్రేషను చట్టము వచ్చినది. అది తొలుత కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములకే వర్తించెను. 1940 నాటి చట్టము దాని స్థానమును ఆక్రమించెను. కాని ఆ చట్టము క్రింద మెట్టుమెట్టునను కోర్టు ప్రవేశించుటచే, జాప్యమును తప్పించుటకు పుట్టిన పద్ధతియే జాప్యమునకు నెలవైనది. 1996 నాటి ఆర్బిట్రేషను, కన్సిలియేషను చట్టము ఐక్యరాజ్యసమితి వాణిజ్యన్యాయ సంఘము 1985లో రూపొందించిన నమూనాను అనుసరించి కోర్టు జోక్యమునకు హద్దులు విధించెను. 2015, 2019, 2021 సంవత్సరములలో దీనికి సవరణలు జరిగినవి. నేడు తీర్పరి చేయు పనికి ఆధారము ఈ చట్టమే.

తీర్పరి పీఠము

తీర్పరికి అధికారము సర్కారు కొలువు వలన వచ్చునది కాదు. ఉభయుల ఒప్పందము వలన వచ్చునది. ఆ ఒప్పందము వ్రాతపూర్వకముగ నుండవలెను. అది ఉన్నప్పుడు ఒకరు కోర్టుకెక్కినను, రెండవవారు తగిన కాలమున కోరినచో, కోర్టు వారిని తీర్పరి వద్దకే పంపవలెనని 8వ సెక్షను చెప్పుచున్నది. చివరి పుటలోని చిన్న నియమమునకు గల బరువు ఇదియే. దానిపై సంతకము చేసినవాడు సాధారణముగా కోర్టు తలుపును తన చేతులతో మూసికొన్నవాడగును.

ఇరువది, ముప్పది సంవత్సరములు కోర్టులలో వాదించిన న్యాయవాది తీర్పరిగా కూర్చున్నప్పుడు, మొదట విప్పవలసినది కక్షుల కాగితములు కాదు, తన సంగతి. ఏ పక్షమువారి తరఫుననైన తాను పూర్వము వాదించెనా, వారి సంస్థలో తనకు వాటా కలదా, బంధుత్వము కలదా అను విషయములను వ్రాతమూలకముగ వెల్లడింపవలెనని 12వ సెక్షను విధించుచున్నది. ఎట్టి సంబంధములు సందేహమునకు తావిచ్చునో, ఎట్టివి అతనిని అనర్హుని చేయునో 2015 నాటి సవరణ రెండు అనుబంధములలో వివరించినది.

తదుపరి తొలి సమావేశము జరుగును. విచారణ ఎచట, ఏ భాషలో జరుగవలెను, పత్రములు ఏనాటికి దాఖలు కావలెను, సాక్షులు ఎందరు అను విషయములు అపుడు నిర్ణయమగును. భాషను ఉభయులు తమ సమ్మతి మేరకు ఎంచుకొనవచ్చునని 22వ సెక్షను స్పష్టపరచుచున్నది. ఇద్దరును కోరినచో తెలుగుననో, కన్నడముననో విచారణ జరుపుటకు చట్టము అడ్డు కాదు. దావా, ప్రతివాదము దాఖలగుటకు ఆరు మాసములును, అవి పూర్తియైన పిమ్మట తీర్పునకు పండ్రెండు మాసములును గడువు. ఉభయులు సమ్మతించినచో మరి ఆరు మాసములు పొడిగింపవచ్చును. అంతకు మించిన పొడిగింపు కోర్టు అనుమతిపై ఆధారపడును. దేశీయ వివాదములకు ఈ గడువు కచ్చితముగా వర్తించును.

ఇచట న్యాయవాది అనుభవము ఏ విధముగ ఉపకరించును? కట్టడపు పనుల వివాదమున వేలకొలది పుటలు దాఖలగును. వానిలో కొలతల పుస్తకము, బిల్లులు, గడువు పొడిగింపును గూర్చిన లేఖలు – ఈ మూడింటిని ముందుగా సరిపోల్చినచో వివాదములో సగము తేలునని అతడెరుగును. అడుగవలసిన ప్రశ్నలను ముందే ఏరి, అనవసరమైన సాక్ష్యమును తగ్గించును. అయితే అదే అనుభవము అడ్డంకియు కావచ్చును. ఒక పక్షపు బలమును వెదకి చూపుట, రెండవ పక్షపు లోపమును తవ్వితీయుట న్యాయవాదికి జీవితకాలపు అభ్యాసము. పీఠమెక్కినవాడు దానిని విడువవలెను. ఉభయులను సమానముగ చూచి, ప్రతివానికి తన వాదమును నిండుగ చెప్పుకొను అవకాశమీయవలెనని 18వ సెక్షను శాసించుచున్నది.

తీర్పు కారణసహితముగ నుండవలెను. అది కోర్టు డిక్రీవలె అమలగును. దానిని కొట్టివేయుమని 34వ సెక్షను క్రింద మూడు మాసములలోపల, తగిన కారణము చూపినచో మరి ముప్పది దినములలోపల కోర్టును కోరవచ్చును. కాని తీర్పరి సాక్ష్యమును తప్పుగ అంచనా వేసెనన్నంత మాత్రమున అది కొట్టుపడదు. ఒప్పందము చెల్లనిదగుట, ఒకరికి వాదించు అవకాశము లేకపోవుట, తనకు అప్పగింపని విషయముపై తీర్పరి తీర్పు చెప్పుట, దేశపు ప్రజావిధానమునకు తీర్పు విరుద్ధమగుట వంటి కొద్ది కారణములే దానికి పనికివచ్చును. అనగా ఇచట అప్పీలు లేదనియే వర్తకుడు తలపవలెను.

సంధాత గది

సంధాత పని వేరు. కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఆధ్వర్యమున బెంగుళూరు మీడియేషను కేంద్రము 2007లో ఏర్పడినది. శిక్షణ పొందిన న్యాయవాదులు అచట సంధాతలుగ పనిచేయుదురు. అదే న్యాయస్థానము ఆధ్వర్యమున 2012లో ఆర్బిట్రేషను కేంద్రము వెలసినది. పనులు రెండు గనుక కేంద్రములును రెండుగా ఏర్పడుట గమనింపదగినది. హైదరాబాదున 2021 డిసెంబరు 18న ప్రారంభింపబడిన అంతర్జాతీయ కేంద్రము తన పేరులోనే ఆర్బిట్రేషను, మీడియేషను అను రెండు మాటలను వేరువేరుగ నిలుపుకొన్నది.

సంధాత గదిలో జరుగునది ఒక ఊహాకల్పితమైన ఉదాహరణముచే తెలియగలదు. ధర్మవరపు పట్టుచీరల ఉత్పత్తిదారునకు చిక్కపేట టోకు వర్తకుడు ఇరువది లక్షల రూపాయలు బాకీ. చీరలలో కొన్నింటికి రంగు దిగినదని వర్తకుని ఆక్షేపణ. అమ్ముకొన్న పిమ్మట సాకు చెప్పుచున్నాడని ఉత్పత్తిదారుని ఆరోపణ. తీర్పరి యెదుట ఉండు ప్రశ్నలు రెండే: సరకు ఒప్పందము ప్రకారము ఉన్నదా, ఎంత పైకము చెల్లవలెను. సంధాత ఉభయులను మొదట కలిపి కూర్చుండబెట్టి, ఒకరు చెప్పుచుండగ రెండవవారు అడ్డుపడకుండ చూచును. పిదప ఒక్కొక్కరిని వేరుగ పిలిచి మాటలాడును. అపుడు బయటపడు సంగతులు దావాలో ఉండవు. వర్తకుని వద్ద ప్రస్తుతము పైకము లేదు. ఆ మాట అంగడి వీథిలో తెలిసినచో అతనికి అప్పు పుట్టదు. ఉత్పత్తిదారునకు మొత్తముకన్న ముందు కావలసినది శ్రావణమాసపు సరకునకు పట్టుదారము కొనుటకు తగినంత పైకము. ఈ రెండు అక్కరలును తెలిసినవాడు సంధాత ఒక్కడే. రంగు దిగిన చీరలు వాపసు, కొంత పైకము వెంటనే, మిగిలినది వరలక్ష్మీవ్రతపు అమ్మకముల పిమ్మట వాయిదాలపై – ఇట్టి పరిష్కారము ఉభయుల నోటినుండియే వచ్చును. అది ఏ డిక్రీలోను ఇమిడెడిది కాదు. తీర్పు గతమును తేల్చును. సంధానము రాబోవు వర్తకమునకు దారి వదలును.

ఈ గదిలో భాషకు గల ప్రాముఖ్యము మరింత పెద్దది. తీర్పరి యెదుట కక్షి తరఫున న్యాయవాది మాటలాడును; సంధాత యెదుట కక్షి తానే మాటలాడవలెను. తన కోపమును, భయమును పరభాషలో చెప్పవలసివచ్చినవాడు సగము దాచుకొనును. తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును తెలిసిన సంధాత ధర్మవరమువానికిని చిక్కపేటవానికిని నడుమ కూర్చున్నప్పుడు అతని బహుభాషాజ్ఞానము అలంకారము కాదు, పనిముట్టు.

న్యాయవాది ఇట్టి పనికి పూనుకొనుటకు చరిత్రప్రసిద్ధమైన దృష్టాంతమొకటి కలదు. 1893లో గాంధీజీ దక్షిణాఫ్రికాకు పోయినది ఒక వాణిజ్య వివాదము నిమిత్తమే. దాదా అబ్దుల్లా తన బంధువైన తయ్యబు సేఠుపై తెచ్చిన ఆ దావా విలువ 40,000 పౌనులు. వ్యాజ్యము సాగినచో న్యాయవాదుల రుసుములే ఉభయులను మ్రింగునని గ్రహించి, గాంధీజీ వారిని తీర్పరికి అప్పగించుటకు ఒప్పించెను. తీర్పు దాదా అబ్దుల్లా పక్షమున సుమారు 37,000 పౌనులకు, ఖర్చులకు వచ్చెను. ఆ మొత్తమును ఒక్కసారి చెల్లింపవలసివచ్చినచో తయ్యబు సేఠు దివాలా తీసియుండెడివాడు. గాంధీజీ మరల శ్రమించి, దీర్ఘకాలపు వాయిదాలకు దాదా అబ్దుల్లాను ఒప్పించెను. తీర్పునకు ఒప్పించుటకన్న ఈ వాయిదాలకు ఒప్పించుటయే కష్టతరమైనదని ఆయన ఆత్మకథలో తెలిపెను. ఇచట రెండు పనులును జరిగినవి. కాని తీర్పు చెప్పినవాడొకడు, సంధి కూర్చినవాడు వేరొకడు.

రెండు పీఠముల నడిమి గోడ

ఒకే న్యాయవాది ఒక వివాదమున తీర్పరిగను, మరియొక వివాదమున సంధాతగను ఉండుట నేడు సామాన్యమే. ఒకే వివాదమున ఒకడే రెండును కావచ్చునా అనునది చిక్కు ప్రశ్న. పై ఉదాహరణమున వర్తకుడు తన చేతిలో పైకము లేదని చెప్పినది సంధాతకు. సంధి కుదరక, ఆ సంధాతయే మరునాడు తీర్పరిగ కూర్చున్నచో, విన్న మాటను విననట్లు మరచుట మానవునకు సాధ్యమా? సాధ్యమైనను వర్తకుడు నమ్మునా? ఆ భయమున్నవాడు మొదటి దినముననే నోరు విప్పడు. నోరు విప్పనిచోట సంధానము లేదు.

అందువలననే 1996 చట్టము 80వ సెక్షనులో, ఉభయులు వేరుగ ఒప్పుకొన్నగాని, రాజీ కుదిర్చినవాడు అదే వివాదమున తీర్పరిగ ఉండరాదను నియమమును ఉంచినది. రాజీ సందర్భమున చెప్పిన మాటలు, ఒప్పుకోళ్లు పిమ్మట సాక్ష్యముగ పనికిరావని 81వ సెక్షను చెప్పుచున్నది. మరియొకప్రక్క, విచారణ నడుమ ఉభయులు రాజీకి వచ్చుటను తీర్పరి ప్రోత్సహింపవచ్చునని 30వ సెక్షను అనుమతించుచున్నది. వివేకియైన న్యాయవాది అట్టి సమయమున తాను గోప్యపు మాటలు వినక, ఉభయులను వేరొక సంధాత వద్దకు పంపి, సంధి కుదిరినచో దానినే సమ్మతి తీర్పుగ వ్రాయును.

చట్టమునందలి తారుమారు

మాటల తారుమారు సామాన్యులకే కాదు, చట్టము వ్రాసినవారికిని తప్పలేదు. సివిలు ప్రొసీజరు కోడులోని 89వ సెక్షను 2002 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. కోర్టులోని దావాలను ఆర్బిట్రేషను, కన్సిలియేషను, లోక్ అదాలతు, మీడియేషను మున్నగు మార్గములకు పంపుట దాని ఉద్దేశము. ఆ సెక్షనులో మీడియేషనుకు ఇచ్చిన వివరణము న్యాయాధికారి చేయు పరిష్కారమునకును, దానికి ఇచ్చినది మీడియేషనుకును చెందవలసియుండెను. 2010లో ఆఫ్కాన్సు వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ దోషమును గుర్తించి, ఆ రెండు మాటలను ఒకదాని స్థానమున మరియొకటి ఉంచి చదువవలెనని నిర్ణయించెను. తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఆర్. వి. రవీంద్రన్ పూర్వము కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తి. ఉభయుల సమ్మతి లేనిదే కోర్టు వారిని తీర్పరికి పంపరాదనియు, సంధాత వద్దకు పంపుటకు మాత్రము సమ్మతి అక్కరలేదనియు ఆ తీర్పు స్పష్టపరచెను. కారణము సులభము: సంధాత వద్దకు పోయినవాడు ఏమియు కోల్పోడు, తీర్పరి వద్దకు పోయినవాడు కోర్టునే వదలుకొనును.

2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టమునకు 2018లో 12ఎ సెక్షను చేర్చబడినది. మూడు లక్షల రూపాయలు, ఆపై విలువగల వాణిజ్య వివాదములలో తక్షణ ఉపశమనము అక్కరలేనిచో, దావాకు ముందు మీడియేషనుకు పోవలెను. ఇది తప్పనిసరి యని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషను వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్మానించెను. 2023లో పార్లమెంటు ప్రత్యేకముగ మీడియేషను చట్టమును చేసినది. ఆ సంవత్సరము అక్టోబరు 9న దానిలోని కొన్ని సెక్షనులు అమలునకు వచ్చినవి.

హద్దులు

ఈ పద్ధతులు సర్వరోగనివారణములు కావు. బెంగుళూరునకే చెందిన ఆంట్రిక్సు, దేవాస్ సంస్థల వివాదము అందులకు నిదర్శనము. ఉపగ్రహముల ద్వారా ఎస్-బ్యాండు తరంగములను వినియోగించుటకై 2005 జనవరిలో జరిగిన ఒప్పందమును, ఇస్రో వాణిజ్యసంస్థయైన ఆంట్రిక్సు 2011 ఫిబ్రవరిలో రద్దు చేసెను. 2015 సెప్టెంబరులో అంతర్జాతీయ వాణిజ్య మండలి నియమావళి క్రింద తీర్పరులు దేవాస్‌కు 56.25 కోట్ల డాలర్లు చెల్లింపవలెనని తీర్పు చెప్పిరి. 2022 జనవరిలో సుప్రీంకోర్టు దేవాస్ సంస్థ మోసపూరితముగ ఏర్పడినదని చెప్పి దాని మూసివేతను స్థిరపరచెను. ఆ ఆగస్టులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము తీర్పరుల తీర్పును కొట్టివేసెను. ఒప్పందమునకు, ఈ నిర్ణయమునకు నడుమ పదునేడేండ్లు గడచినవి. మోసము, ప్రజావిధానము అను ప్రశ్నలు లేచినచోట తీర్పరి మాట తుదిమాట కాజాలదు.

నిష్పక్షపాతమును గూర్చిన హద్దు మరియొకటి. బలమైన సంస్థలు ఏకైక తీర్పరిని తామే నియమింతుమని ఒప్పందములో వ్రాసికొనుచుండెడివి. అట్టి ఏకపక్ష నియామకము సమానత్వమునకు విరుద్ధమని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించినది. ప్రభుత్వరంగ సంస్థల ఒప్పందములకును ఆ నిర్ణయము వర్తించును. పాత నమూనా పత్రములను నకలు చేసికొనువారు ఈ సంగతిని గుర్తింపవలెను.

కావున ఒప్పందముపై సంతకము చేయబోవు వర్తకుడు ఐదు విషయములను అడిగి తెలిసికొనవలెను. ముందు సంధాత వద్దకు పోవు మెట్టు ఉన్నదా? తీర్పరి ఒకడా, ముగ్గురా? నియమించువారెవరు? విచారణస్థానము బెంగుళూరా, దూరనగరమా? భాష ఏది? ఇంగ్లీషు రానివాడు ఆ ఒక్క నియమమునైన తెలిసినవారిచే తెలుగున చెప్పించుకొనుట మేలు. 'మధ్యవర్తి' అని వారు చెప్పినచో, తీర్పు చెప్పువాడా, సంధి కూర్చువాడా అని మరల అడుగవలెను. ఆ ప్రశ్నకు సంతకమునకు ముందు ఒక నిమిషము చాలును. సంతకమైన పిమ్మట దానికి ఏండ్లు పట్టవచ్చును.